సబ్బుకథల దేశాటనము

సంస్కృతమున శుకసప్తతి యను కథాగ్రంథ మొకటి కలదు. మదనుడను వర్తకుడు వ్యాపారమునకై దేశాంతరము పోగా, అతని భార్య ప్రభావతి యిల్లు విడిచి పరపురుషుని యొద్దకు బోవ సిద్ధపడును. పంజరమందలి చిలుక యామెను వలదని వారింపదు, ధర్మోపన్యాసము చేయదు. పోవలసినదే గాని, దారిలో నిట్టి చిక్కు వచ్చినచో ఫలానా యామె వలె తప్పించుకొన నేర్తువా యని యడిగి, యా ఫలానా యామె కథ నెత్తుకొనును. కథ ముగియునప్పటికి ప్రొద్దు గడచిపోవును. ఇట్లు డెబ్బది రాత్రులు గడచును, మగడు తిరిగి వచ్చును. చిన్ననాడు మా తండ్రిగారు మాచేత భారత భాగవతములను వల్లింపజేసిరి గాని యీ గ్రంథమును మాత్రము బీరువాలో పై యఱనే యుంచిరి. కథ యొక్క చట్రము మాత్రము చెప్పి, నవ్వి యూరకుండిరి.

నేడు సంధ్యాదీపము వెలిగించినది మొదలు మన యిండ్లలో పలుక నారంభించు చిలుక వేఱొకటి కలదు. అది టెలివిజను సీరియలు. మగవారు దానిని పరిహసింతురు, పత్రికలవారు ఈసడింతురు, మనము కొంత సిగ్గుపడుచునే చూతుము. అయితే యా చిలుకను బెంచినవా రెవరు, దానికి గింజలు పోయువా రెవరు, అది యే యే దేశములు తిరిగి మన గూటికి జేరినది యను సంగతులు మన వసారాలలో ముచ్చటకు వచ్చుట తక్కువ. అది చాల వింతయైన చరిత్రము. అందు మన పేరు వ్రాసి యుండకపోయినను మన పాలు చాల కలదు.

అమెరికాలో రేడియో క్రొత్తగా నిండ్లలో బ్రవేశించిన కాలమది. 1930వ సంవత్సరమున చికాగో నగరమందలి యొక రేడియో కేంద్రము నుండి పగటివేళ స్త్రీల నుద్దేశించి దినదినము సాగు కథ యొకటి ప్రసార మయ్యెను. దాని పేరు 'పెయింటెడ్ డ్రీమ్స్', అనగా రంగువేసిన కలలు. వ్రాసినది ఇర్నా ఫిలిప్స్ అను నామె. అంతకు పూర్వ మామె బడిలో చదువు చెప్పెడిది. పెండ్లి చేసికొనలేదు, ఇద్దఱు బిడ్డలను దత్తు చేసికొని పెంచినది. జీవితమంతయు భార్యాభర్తల కథలే వ్రాసిన యామె పెండ్లియే యెఱుగకపోవుట కొందఱికి విడ్డూరముగా దోచవచ్చును. మాకు దోచలేదు, కణ్వమహర్షి కూతు నత్తవారింటికి పంపు ఘట్టమును జదివినవారికి సంసారపు బాధ సన్న్యాసులకును దెలియునని తెలిసియే యుండును. 1937లో ఈమె మొదలిడిన 'గైడింగ్ లైట్' అను కథ రేడియోలో బుట్టి, 1952లో టెలివిజనులోనికి మాఱి, 2009 సెప్టెంబరులో ముగిసినది. డెబ్బదిరెండేండ్ల కథ! అమ్మమ్మ వినుట కారంభించినదానికి మనుమరాలు ముగింపు చూచినది.

ఇక సబ్బు సంగతి. 1933లో సిన్సినాటి నగరపు ప్రాక్టర్ అండ్ గేంబిల్ అను సబ్బుల కంపెనీవారు 'మా పెర్కిన్స్' అను రేడియో కథకు పోషకులైరి. కలప అడితి నడుపుకొను నొక విధవ, ఊరివారి చిక్కులలో దలదూర్చి నాలుగు మంచిమాటలు చెప్పు పెద్దమ్మ, అందలి నాయిక. ఆ పాత్రకు గొంతుక నిచ్చిన వర్జీనియా పేన్ అప్పటికి ఇరువది దాటిన పడుచు. 1960లో కథ ముగియు వఱకు, ఇరువదియేడేండ్లు, ఆ పెద్దమ్మ గొంతుకతోనే పలికినది. కథకు ముందును వెనుకను 'ఆక్సిడాల్' అను బట్టలుతుకు పొడిని గూర్చిన ప్రకటన యుండెడిది.

సబ్బు కంపెనీవారికి కథలపై నింత మక్కువ యేల కలిగినది? పగటివేళ ఇంట నుండునది యిల్లాలు. చేతులు అంట్లలో నున్నను ఆమె చెవులు తీరికగా నుండును. ఏ సబ్బు కొనవలయునో, ఏ పొడి మంచిదో తేల్చునది యామెయే. మగవానికి మడతపెట్టిన చొక్కా కావలయును గాని యది దేనితో నుదికిరో యక్కఱలేదు. కావున పదునైదు నిమిషముల కథ యొకటి యిచ్చి, శుక్రవారము నాడు నాయికను గండములో నిలిపి, సోమవారము దాక మనసు పీకునట్లు చేసినచో, ఆ చెవి తప్పక తిరిగి వచ్చునని వారు కనిపెట్టిరి. వినువారికి కథ యుచితము. సంతలో బేరమైనది ఇల్లాలి చెవి. కొన్నవాడు సబ్బు వర్తకుడు. ఈ బేరమును బట్టియే పత్రికలవారు ఈ కథలకు 'సోప్ ఆపెరా' యని పేరు పెట్టిరి. మేము సబ్బుకథ లందుము.

ఆ పేరులోని యెగతాళిని గూర్చి యొక మాట చెప్పక ముందుకు పోజాలము. క్రికెట్టు ఆటకు చల్లని పానీయములవారు కోట్ల రూపాయలు కురిపింతురు. బంతికి బంతికి నడుమ వారి సీసాలే కనబడును. అయినను దానిని 'సోడా యాట' యని యెవ్వరు ననరు. మగవారు చూచునది క్రీడ, స్త్రీలు చూచునది సబ్బు!

ఈ కథలు వినువారిని గూర్చి శాస్త్రజ్ఞులు కూడ నాడే విచారించిరి. 1942లో న్యూయార్కునందలి లూయీ బెర్గ్ అను వైద్యుడు, సబ్బుకథలు విన్న స్త్రీలకు గుండెదడ, రక్తపుపోటు, తలత్రిప్పుట మొదలైనవి కలుగునని ప్రకటించెను. పత్రికలు దానిని బాగుగా ప్రచురించినవి. తీరా విచారింపగా నా వైద్యుడు కథలు విని పరీక్షించినది తన సొంత నాడినేనట! స్త్రీలనే యడిగి తెలిసికొన్నది మఱియొక స్త్రీ. వియన్నాలో బుట్టి అమెరికా చేరిన హెర్టా హెర్ట్‌సోగ్ అను విదుషీమణి న్యూయార్కు ప్రాంతమున నూఱుమంది స్త్రీలతో సావకాశముగా మాటలాడి, 1941లో తన పరిశీలనమును బ్రకటించెను. కొందఱు ఏడ్చుటకై వినుచున్నారని యామె కనుగొనెను. తమ కష్టమునకు ఏడ్చిన నింటివారు విసుగుకొందురు, పరుల కథకు ఏడ్చిన నెవ్వరు నేమియు ననరు. కొందఱు తమ కబ్బని సుఖమును కథలో ననుభవించుచున్నారు. మఱికొందఱు నేర్చుకొనుటకు వినుచున్నారు: మగడు అలిగినప్పు డెట్లు మాటలాడవలయును, ఎదిగిన పిల్లవానిని ఎంతవఱకు మందలింపవలయును అని. ఈ మూడవ సంగతి మాకు మిగుల నాలోచన కలిగించినది. అడుగుటకు తల్లి దగ్గఱ లేనప్పుడు, తోడికోడలిని అడుగుటకు మొగమాట మైనప్పుడు, స్త్రీ రేడియోను అడిగినది. రేడియో తనకు దోచినది చెప్పినది. చెప్పినది మంచియా చెడ్డయా యనుట తరువాతి మాట. అడుగవలసిన యవసర మామెకు గలదని గుర్తించినవారు మాత్ర మరుదు.

ఈ చిలుక దక్షిణమున కెగిరిన వృత్తాంతము మఱియు ముచ్చటైనది. క్యూబా దీవిలో పొగచుట్టల కార్ఖానాలయందు 1860 ప్రాంతముల నుండియు చదువరి యను నుద్యోగి యొకడుండెను. పనివారు చుట్టలు చుట్టుచుండగా ఎత్తైన పీఠముపై గూర్చుండి వార్తాపత్రికలను, నవలలను బిగ్గరగా జదువుట అతని పని. అతనికి జీతము పనివారే చందా వేసికొని యిచ్చెడివారు. మన పురాణ కాలక్షేపమునకు చాల దగ్గఱి చుట్టమిది. పని చేయుచు కథ వినుట కలవాటుపడిన యా దేశమున 1948లో పుట్టుటకు హక్కు అను నర్థము గల పేరుతో నొక రేడియో కథ వచ్చి ఖండమంతయు నల్లుకొన్నది. పెండ్లి కాని తల్లికి బుట్టిన శిశువును తాత చంపు మనగా, నల్లజాతి దాది యొకతె యెత్తుకొనిపోయి పెంచుట దానిలోని యితివృత్తము. దేవకీ యశోదల కథ నెఱిగిన మనకు దానిని ప్రత్యేకముగా వివరింప బనిలేదు.

పెరూ దేశమున 1969లో టెలివిజనులో మొదలైన 'సింప్లెమెంతె మరియా' కథ మనము నిలిచి చూడదగినది. మరియా కొండపల్లె నుండి లీమా నగరమునకు బనిమనిషిగా వచ్చిన పిల్ల. ధనికుడైన విద్యార్థి యొకడు ఆమెను మోసగించి విడిచెను. బిడ్డను జంక బెట్టుకొని యామె రాత్రిబడిలో నక్షరములు దిద్దినది, కుట్టుమిషను నేర్చినది, తుదకు సొంత దుకాణము పెట్టి పేరుపొందిన దర్జీ యయ్యెను. చదువు చెప్పిన పంతులు ఏండ్ల తరబడి యామెకై వేచి యుండి పెండ్లాడెను. చర్చిలో నా పెండ్లి దృశ్యమును దీయు నాడు, దాదాపు పదివేలమంది జనులు, మంచి దుస్తులు ధరించి, కొందఱు కానుకలు కూడ దెచ్చి, నిజమైన పెండ్లికి వచ్చినట్లే వచ్చిరట. తరువాత జరిగినది ఇంకను విశేషము. ఆ దేశమున పనిపిల్లలు తమ యజమానురాండ్రను రాత్రిబడికి బంపు మని యడుగ జొచ్చిరి. కుట్టుపని తరగతులు నిండినవి. సింగర్ కుట్టుమిషనుల యమ్మకము పెరిగినది; ఆ కంపెనీవారు పాత్రధారిణికి బంగారు కుట్టుమిషను బొమ్మ బహూకరించిరి. ఇది యెవ్వరును ముందుగా దలపెట్టిన పని కాదు. కథ వ్రాసినవారు నీతి బోధింప దలచినట్లు కనబడదు. వారు కన్నీటి కథ యొకటి యల్లిరి. కుట్టుమిషను మాత్రము పిల్లల చేతికి వచ్చినది.

మా పొరుగున కుట్టుపనితో నిద్దఱు బిడ్డలను జదివించుకొనిన యామె కీ కథ చెప్పితిమి. అంతయు విని యామె యడిగినది ఒక్కటే ప్రశ్న: కథలోని పిల్ల మిషను వాయిదాలమీద కొన్నదా, రొక్కమిచ్చి కొన్నదా? మా దగ్గఱ జవాబు లేదు.

దీనిని మెక్సికోలో మిగెల్ సబీదో యను నాటకకర్త శ్రద్ధగా బరిశీలించి, 1975లో వయోజన విద్యకును, 1977లో కుటుంబ నియంత్రణకును సీరియళ్లు కట్టెను. అప్పటి మన సమాచార ప్రసార మంత్రి వసంత సాఠేగారు మెక్సికోలో నీ పద్ధతిని జూచి వచ్చిరి. దాని ఫలమే దూరదర్శనమున 1984 జూలై 7న మొదలై మఱుసటి సంవత్సరము డిసెంబరులో ముగిసిన 'హమ్ లోగ్'. మనోహర్ శ్యామ్ జోషి రచన. కథ ముగిసిన పిదప వృద్ధనటుడు అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పెడివారు. నాలుగు లక్షలకు పైగా జాబులు వచ్చినవట. కథకు సొమ్ము పోసినది మ్యాగీ నూడుల్సు. అమెరికాలో సబ్బు వలె మన దేశమున సేమ్యా వంటి యీ తిండి కథతోపాటు వంటయింటిలో నడుగు పెట్టినది. ఇప్పుడు బయటికి పొమ్మన్నను పోవుట లేదు!

హమ్ లోగ్‌లో మొదట సంతానమును దగ్గించుకొను డను బోధ విరివిగా నుండెను. చూచువారికి విసుగు పుట్టుటచే బదుమూడు భాగముల పిమ్మట దానిని దగ్గించిరి. తల్లి భాగవంతి పాత్ర మగడు తిట్టినను, అత్త సాధించినను నోరెత్తని యిల్లాలు. ఇట్లు మెలగిన స్త్రీ కెట్టి యగచాట్లు వచ్చునో చూడు డని చెప్పుటకే ఆమెను గల్పించిరి. కాని పండితులు తరువాత చూచినవారిని విచారింపగా, ఎందఱో యా భాగవంతియే తమకు మేలుబంతి యని చెప్పిరి. ఇందు మగవారే కాక యాడువారును గలరు.

దీనిని విని మేము చాలసే పాలోచించితిమి. సీతమ్మ కథ విన్న మన పెద్దలు కూడ నామె వనవాసమును, అగ్నిప్రవేశమునే తలంచిరి గాని, రావణుని గడ్డిపరక యెడముగా బెట్టి తూలనాడిన సీతను అంతగా దలచలేదు. కథకుడు చూపుడువ్రేలు ఎటు చూపినను, వినువారు తమకు జిరకాలముగా నలవాటైన దిక్కే చూతురు.

ఇక పరదేశపు కథను జూచినప్పుడు ఏమగును? అమెరికావారి 'డాలస్' అను ధనికుల కుటుంబకథ లోకమంతయు దిరిగినప్పుడు, దీనితో ప్రతి దేశపు సంస్కృతియు మంటగలియు నని యెందఱో గగ్గోలు పెట్టిరి. హాలెండునందు ఇయెన్ అంగ్ అను పండితురాలు, దానిని నే నిష్టపడి చూచుచున్నాను, మీ సంగతి వ్రాయుడని స్త్రీల పత్రికలో బ్రకటించి, వచ్చిన నలువదిరెండు జాబుల నాధారముగా 1982లో పుస్తకము వ్రాసెను. అందలి ధనము తమ కెక్కడిదని పాఠకురాండ్రకు దెలియును. ఆ భోగము బొమ్మ యనియు దెలియును. కాని లోపలి దుఃఖము నిజమని వారు వ్రాసిరి. ఇస్రాయేలులో తమార్ లీబెస్, ఎలిహు కాట్జ్ అనువారు పలుతెగలవారిని గుంపులుగా గూర్చుండబెట్టి యీ కథను జూపి, చూచినది చెప్పు డనిరి. నాయిక యొకతె బిడ్డతో భర్త యిల్లు విడిచి తన పూర్వ ప్రియుని యింటికి, అతని తండ్రి యున్న చోటికి బోవును. అరబ్బు ప్రేక్షకులు కొందఱు చెప్పునప్పుడు, ఆమె తన తండ్రి యింటికి బోయిన దనిరట! కండ్లతో జూచినది కూడ మనసు దిద్దుకొన్నది. మగని యిల్లు విడిచిన స్త్రీ పుట్టింటికి గాక యెక్కడికి బోవును? ఈ మాట మన వీధిలో నెవ్వరి నడిగినను ఇంతే చెప్పెదరు.

అంతమాత్రమున కథ నిరపాయమైన దని పాలకు లెన్నడును నమ్మలేదు. జపానులో 1983 ఏప్రిలు నుండి ఒక సంవత్సరము నడచిన 'ఓషిన్' కథ 297 భాగములు. వ్రాసినది సుగాకో హషిదా యను రచయిత్రి. బీదయింట బుట్టి పసితనమునే కూలికి బోయిన పిల్ల, భూకంపమును, యుద్ధమును, అత్తపోరును దాటి వర్తకురాలై నిలుచును. అది యఱువదికి మించిన దేశములలో బ్రసారమైనది. యుద్ధముతో నలిగిన ఇరానులో వీధులు ఖాళీ యగునట్లు చూచిరి. 1989 జనవరిలో నా దేశపు రేడియోవారు స్త్రీలకు ఆదర్శ మెవరని యడుగగా, ఒకామె ఓషిన్ పేరు చెప్పినది. దానికి ఖుమేనీగారు తీవ్రముగా నాగ్రహించి రేడియో యధికారులను శిక్షింప నాజ్ఞాపించిరి. తరువాత వారిని క్షమించిరి. ఒక గృహిణి నోటి నుండి వచ్చిన ఒక పేరు ప్రభుత్వమును గదలించినది.

మన దేశపు తులసియు దేశాంతరమున నట్టి యలజడియే లేపినది. 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' అఫ్గానిస్థానమున దరీ భాషలో వినబడి, కాబూలులో నందఱిని టెలివిజను ముందు గూర్చుండబెట్టినది. నడుము కనబడినచోట, దేవతా విగ్రహము కనబడినచోట తెరపై మసక వేసెడివారు. 2008లో నచ్చటి ప్రభుత్వము హిందూస్థానపు సీరియళ్ల నాపు మనెను. తోలో టీవీవారు ఎదిరించి నిలిచిరి. చిత్రమేమనగా, మన దేశమున నదే కథను, స్త్రీలను మరల నత్తాకోడండ్ర కొట్లాటలోనికి, నగలలోనికి లాగుచున్నదని చదువుకొన్నవారు దూషించిరి. ఒక యూర వెనుకకు లాగునది, మఱియొక యూర మితిమీఱి ముందునకు దోయునది! 2025లో నా కథ మరల దెఱచుకొన్నది.

ఈ కథల వలన నిజముగా నేమైన మాఱునా యని లెక్కగట్టినవారును గలరు. బ్రెజిలులో 1960లో స్త్రీకి సగటున ఆఱుగురికి మించి పిల్లలుండగా, 2000 నాటికి రెండుకు కొంచెము మించి యుండిరి. ఆ నడుమనే గ్లోబో టెలివిజను ఊరూర వ్యాపించినది. దాని కథలలో 115ను పరిశీలించిన యర్థశాస్త్రజ్ఞులు, ఏబదియేండ్ల లోపు ముఖ్య స్త్రీపాత్రలలో నూటికి 72 మందికి సంతానమే లేదనియు, 21 మందికి ఒక్కరే యనియు 2012లో వ్రాసిరి. రచయితలకు పిల్లలతో బని యెక్కువ, చిత్రీకరణలో చిక్కు. అందుచేత గాబోలు నట్లు వ్రాసి యుందురు. గ్లోబో ప్రసారము చేరిన తావులలో పుట్టుకలు తగ్గె ననియు వారు చూపిరి. మన దేశమున బీహారు, ఢిల్లీ, గోవా, హర్యానా, తమిళనాడులలోని పల్లెలకు కేబులు టెలివిజను వచ్చుటకు ముందును వెనుకను విచారించి, జెన్సెన్, ఆస్టర్ అనువారు 2009లో నొక వ్యాసము ప్రకటించిరి. మగడు కొట్టుట తప్పుకాదను స్త్రీల సంఖ్య తగ్గినదని, మగబిడ్డయే కావలె నను పట్టు సడలినదని వారి మాట. అవే లెక్కలను మరల జూచిన మఱికొందఱు, అంత గట్టిగా జెప్ప వీలులేదని సందేహించిరి. మాకు లెక్కలు చేతగావు. కాని యొకటి తోచుచున్నది. కథలోని నాయిక చేయు నుపన్యాసము కంటె, ఆమె వెనుక గోడకున్న పుస్తకముల బీరువా, ఆమె తాళపుచెవులు పెట్టుకొని తానే నడుపుకొను కారు, ఆమె పేర బ్యాంకులో నున్న లెక్క, ఇవియే పల్లెలోని యాడుపిల్ల కంటికి ముందు బడియుండును.

మన తెలుగునకు వత్తము. సీరియలు పుట్టక ముందే మనకు సీరియలు రుచి తెలియును. మా తల్లిగారి తరమువారు వారపత్రికలోని నవల కొఱకు గుమ్మమున గాచుకొని యుండిరి. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' 1976లో చలనచిత్రము గూడ నైనది. అప్పుడును ఆ నవలలను మగవారు ఈసడించిరి, అప్పుడును పత్రిక మొదట వారి చేతిలోనికే పోయెడిది. హైదరాబాదు దూరదర్శనమున మంజులా నాయుడుగారి 'ఋతురాగాలు' వచ్చిన కాలమున సాయంకాలపు వంట తొందరగా ముగిసెడిది. పిదప ప్రైవేటు ఛానళ్లు వచ్చినవి. ఉత్తరదేశపు కథలు తెలుగు మాటలు తొడుగుకొని వచ్చినవి. రాజస్థానపు బాలవధువు కథ 'చిన్నారి పెళ్ళికూతురు'గా మన యింటికి వచ్చినది. కందుకూరి వీరేశలింగముగారు పోరాడిన నేలపై, 1929లో శారదాశాసనము వచ్చిన ఎనుబదియేండ్లకు, ఆ కథ మనకు గొత్తగా దోచుట విచారమే. బాల్యవివాహమును ఖండించుటకు మొదలైన యా కథ ఏండ్లు గడచిన కొలది ఇతర గృహచ్ఛిద్రములలోనికి జాఱిపోయినది. ప్రేక్షకుల లెక్క చెప్పు నంకెలు ఎటు లాగిన నటు పోక తప్పదు గదా!

2017 అక్టోబరు నుండి 2023 జనవరి వఱకు నడచిన 'కార్తీకదీపం' తెలుగునాట నేర్పడిన పెద్ద ముచ్చట. మలయాళమున నున్న కథకు దెలుగు రూపమది. నల్లని పిల్ల దీప, మగడు వైద్యుడు, అనుమానముతో నామెను వెడలగొట్టెను. ఆమె వంటలు చేసి బిడ్డను బెంచుకొని 'వంటలక్క' యైనది. పరీక్ష యొకటి చేయించిన నాలుగు దినములలో దేలిపోవు సందేహము, ఆ వైద్యశిఖామణికి ఏండ్లు గడచినను దీఱలేదు. మేము నవ్వుకొంటిమి, అయినను జూచితిమి. నల్లగా నున్నందుకు పెండ్లిచూపులలో వెనుకకు బోయిన పిల్ల లేని వీథి తెలుగుదేశమున నున్నదా? ఆ పిల్లలు, వారి తల్లులు దీపలో తమను జూచుకొనిరి. అయితే యా పాత్రధారిణి మేనికి నల్లరంగు పూసి చూపిరి. నల్లని నాయిక కథ యైనను నల్లని పిల్లకు వేషము దొరకలేదు. కథ నడుమ ప్రకటనల వేళ మొగమునకు దెలుపు మెఱుగు నిచ్చు లేపనముల బొమ్మలు వచ్చుటయు మనకు గొత్త గాదు. 1975 నుండి అమ్ముడైన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో 'గ్లో అండ్ లవ్లీ' యని పేరు మార్చుకొన్నది. గొట్టము మీద మాట మాఱినది. నలుపునకు గన్నీరు కార్పించుటయు, తెలుపునకు లేపన మమ్ముటయు నొక్క గంటలోనే జరుగుచున్నవి. చికాగోలో 1930లో బుట్టిన బేర మిప్పటికిని అదే.

కథలను స్త్రీలే వ్రాసిన, స్త్రీలే తీసిన బాగుపడు నందురు. ఇర్నా ఫిలిప్స్, సుగాకో హషిదా, మన తులసి కథను దీసిన ఏక్తా కపూర్, అందఱును స్త్రీలే. హషిదా తన నాయికకు వర్తకము నేర్పినది. ఏక్తా కపూర్ తీసిన యింటిలో పట్టుచీర కట్టుకొనిన యత్త యుదయము మొదలు రాత్రి వఱకు కుట్రలే చేయును. కందిపప్పు కడుగగా మేము చూడలేదు. ఆ యింటి స్త్రీలలో నొక్కతెయు వార్తాపత్రిక తిరుగవేయుట గూడ మాకు గనబడలేదు. మావారు బడి నుండి వచ్చి మెట్టుపై గూర్చుండి, మీ సీరియలులో నెవరికైన నుద్యోగము దొరికినదా యని యడుగుదురు. మేమును, మీ క్రికెట్టులో నెవరైన నంట్లు తోమిరా యని యడుగుదుము.

అమెరికాలో సబ్బు కంపెనీవారు అప్పటికి తమకు మిగిలిన సబ్బుకథను 2010 సెప్టెంబరులో ముగించిరి. అక్కడ పగటివేళ నింట నుండి వినువారు తగ్గిరి. చిలుక మాత్రము చావలేదు, చేతిఫోనులోనికి దూఱినది. చీనాదేశమున మొదలై యిప్పు డంతట వ్యాపించుచున్న క్రొత్త రకపు కథలలో ఒక్కొక భాగము నిమిషమో రెండు నిమిషములో. నిలువుగా బట్టుకొన్న ఫోను నిండ ఒక్క మొగమే కనబడును. కొన్ని భాగములు ఉచితముగా జూపి, నాయిక చెంపపై దెబ్బ పడబోవు క్షణమున నాపి, తరువాతి భాగమునకు సొమ్ము కట్టు మందురు. మా యత్తగారితో గూడి చూచినంత కాలము, ఏ కోడలిది తప్పో, ఏ యత్తది తప్పో మే మిద్దఱము వాదించుకొంటిమి. ఆ వాదములలో మా యింటి సంగతులు గూడ, పేరు పెట్టకుండ, కొన్ని తేలినవి. ఇప్పుడు మా మేనకోడలు చెవులలో బిరడాలు పెట్టుకొని యొక మూల జూచుచున్నది. ఏమి చూచుచున్నావే యని యడిగితిమి. ఏమియు లేదత్తయ్యా యన్నది.